శామీర్‌పేట బాటలో ఆఫ్రికా ఖండము

హైదరాబాదు నుండి నాగపూరునకు పోవు జాతీయ రహదారిపై మేడ్చల్ పట్టణమును దాటి ముందుకు సాగిన పథికునకు అత్వెల్లి గ్రామము ఎదురగును. దక్కను పీఠభూమికి సహజములైన గుండ్రని రాతిగుట్టలు, ఎర్రనేలలు, వానకై ఎదురుచూచు చెరువులు, వాని నడుమ నానాటికి పెరుగుచున్న గిడ్డంగులు, కర్మాగారములు, ఇండ్లస్థలముల హద్దురాళ్లు – ఇదియే నేటి ఆ పరిసరముల స్వరూపము. ఇచ్చటి నుండి తూర్పుగా శామీర్‌పేటకును, అచ్చటి నుండి రాజీవ్ రహదారి వెంట ఉత్తరముగా తుర్కపల్లికిని పోవు బాట దూరమున స్వల్పమైనదే. ఐరోపా ప్రభుత్వములు ఏకమై ఆఫ్రికా దేశముల యెడ అవలంబించుచున్న విధానమును గ్రహింపదలచినవారు బ్రస్సెల్సుకో, ఆఫ్రికా సమాఖ్య కొలువుదీరిన ఆడిస్ అబాబాకో పయనింతురు. నేను ఈ చిన్న బాటను ఎన్నుకొంటిని. ఏలయన, ఆ రాజధానులలో వ్రాసికొనిన తీర్మానములలో కొన్ని ఈ బాట చివరనున్న జీనోమ్ వ్యాలీ కర్మాగారములలో మందుగా మారి, గాజుసీసాలలో నిండి, శీతలపేటికలలో ఆఫ్రికా గ్రామములకు తరలిపోవుచున్నవి. విధానము కాగితముపై ఎట్లున్నను, దాని గుణదోషములు తెలియునది అది వస్తువై చేతికి అందిన చోటనే గదా.

అత్వెల్లిలో రహదారి ప్రక్కనున్న చాయ్ హోటలు ముందర ఒక వృద్ధునితో మాట కలిసినది. ఈ నేలపై ఏమి పండెడిదని అడిగితిని. "ఒకప్పుడు ఇటు దిక్కంత అంగూర్ తోటలే ఉండె సారూ. బోర్లెండిపోయినయి, తోటలు పోయినయి, ప్లాట్లయినయి" అని ఆయన ఉత్తరదిశకు చేయి చాచెను. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ద్రాక్షతోటలకు ప్రసిద్ధి వహించిన కాలమును ఎరిగిన తరము అది. "ఇప్పుడు పిల్లలేమి చేయుచున్నారు, తాతా?" అంటిని. "మా మనుమరాలు టీకాల కంపెనీల పనిచేస్తది. తెల్లారకముందే బస్సొచ్చి తీస్కపోతది. ఆ మందులు ఆఫ్రికా దాక పోతయట. మంచిదే గద సారూ, జరమొస్తె ఏ పిల్లకైన గంతే" అని ఆయన మెల్లగా చాయ్ త్రాగెను. తోటమాలి ఇంటిబిడ్డ ఖండాంతరములలోని శిశువుల ఆరోగ్యమునకు తన చేతిపనిని జోడించుచుండుట నాకు మిక్కిలి గౌరవాస్పదముగా తోచినది.

శామీర్‌పేట చెరువు కట్టపై నిలిచి ఆ నీటి విస్తారమును చూచుచున్నప్పుడు మనస్సు గతచరిత్రపైకి మరలెను. ఐరోపా ప్రభుత్వములు ఆఫ్రికా విషయమున ఏకమగుట ఈనాటి వింత కాదు. 1884 నవంబరు 15వ తేదీ మొదలు 1885 ఫిబ్రవరి 26వ తేదీ వరకు బెర్లిను నగరమున పదునాలుగు రాజ్యముల ప్రతినిధులు కూడి, కాంగో, నైజరు నదులపై వ్యాపారస్వేచ్ఛను గూర్చియు, తీరభూముల ఆక్రమణమునకు పాటింపవలసిన నియమములను గూర్చియు చర్చించి, పరస్పర కలహము లేకుండ ఒక ఖండమును పంచుకొను పద్ధతిని సిద్ధపరచుకొనిరి. వారిలో పదుమూడు రాజ్యములు ఐరోపావి. పదునాలుగవది అమెరికా సంయుక్తరాష్ట్రము. ఆఫ్రికా వాసి ఆ సభలో ఒక్కడును లేడు. కావున ఐకమత్యము అను గుణము తనంతట తాను పుణ్యము కాజాలదు. ఎవరికొరకు, ఎవరి సమ్మతితో, ఏ ఫలమును ఉద్దేశించి ఏకమైరను ప్రశ్నలకు వచ్చు సమాధానమును బట్టియే అది ధర్మమో అధర్మమో యగును. ఈ యాత్ర పొడవునను నేను చేతబట్టుకొనిన కొలబద్ద ఇదియే.

1957లో రోము ఒప్పందమున ఆరు ఐరోపా రాజ్యములు ఆర్థికసమాజమును స్థాపించుకొనినపుడు, ఆఫ్రికా వలసభూములను తమకు అనుబంధములుగా చేర్చుకొని వాని అభివృద్ధికై ఒక ఉమ్మడి నిధిని ఏర్పరచిరి. ఆ భూములు స్వతంత్రదేశములైన పిదప 1963లో కామెరూను రాజధాని యౌండేలో పదునెనిమిది ఆఫ్రికా దేశములతోను, 1975 ఫిబ్రవరి 28న టోగో రాజధాని లోమేలో ఆఫ్రికా, కరీబియను, పసిఫిక్ ప్రాంతముల నలువదియారు దేశములతోను ఐరోపావారు సంధులు చేసికొనిరి. కాఫీ, కోకో, వేరుసెనగ వంటి పంటల ఎగుమతి ఆదాయము పడిపోయినపుడు నష్టమును కొంత పూరించు స్టాబెక్స్ అను ఏర్పాటు లోమే సంధిలోని విశేషము. తరువాత 2000 జూనులో బెనిను దేశపు కోటోనూలోను, 2023 నవంబరు 15న సమోవాలోను ఆ బంధము నూతనరూపములు దాల్చెను. భిక్షగా కాక ఒడంబడికగా ఇచ్చుట ఈ సంధులలోని సుగుణము. అయినను ఆఫ్రికా నుండి ముడిసరుకు పోవుట, ఐరోపా నుండి తయారైన వస్తువు వచ్చుట అను పాతధార మాత్రము ఈ సంధులన్నిటి నడుమను పెద్దగా మారలేదు. కోకో గింజ ఎచ్చటనో పండును, దాని విలువ ఇంకెచ్చటనో పెరుగును. ఔషధముల విషయమునను ఆఫ్రికా గతి ఇట్లే యుండెను.

ఐరోపా రాజ్యముల నడుమ సమన్వయము లేకుండుట వలన కలుగు నష్టమును కూడ ఇచ్చట చెప్పవలెను. ప్రతి రాజ్యమును తన పతాకముతో, తన నిపుణులతో, తన లెక్కల పుస్తకములతో వేర్వేరుగా వచ్చిన, పేదదేశపు ఆరోగ్యశాఖామాత్యునకు రోగులను గూర్చి ఆలోచించుటకంటె అతిథులను ఆదరించుటకే కాలము చాలకపోవును. ఈ దోషమును గుర్తించియే 1992 నాటి మాస్ట్రిక్ట్ సంధి సభ్యరాజ్యముల సహాయవిధానములు ఒకదానికొకటి పొందికగా, పూరకముగా ఉండవలెనని శాసించెను. 2007 మే నెలలో చేసికొనిన ప్రవర్తనానియమావళి ఒక్కొక్క దాత ఒక్కొక్క దేశమున మూడు రంగములకు మించి చేయిపెట్టరాదని హితవు చెప్పెను. ఆచరణలో ఇది అంతంతమాత్రముగానే సాగినను, వ్యాధినివారణ అను ఒక్క రంగమున మాత్రము ఈ కలయిక గట్టి రూపమును పొందినదని చెప్పవచ్చును. దాని సాక్ష్యమును చూచుటకే నేను చెరువుకట్ట దిగి రాజీవ్ రహదారి వెంట ఉత్తరముగా సాగితిని.

శామీర్‌పేట దాటిన పిదప కొల్తూరు, తుర్కపల్లి గ్రామముల పొలిమేరలలో జీనోమ్ వ్యాలీ విస్తరించియున్నది. వరిమళ్లును, మామిడితోపులును అచ్చటచ్చట మిగిలియుండగా వాని ప్రక్కనే ఎత్తైన ప్రహరీలు, ఉక్కుగొట్టములు, తెల్లని కట్టడములు కానవచ్చును. శుచినియమములు కఠినములగుటచే బాటసారికి లోపల ప్రవేశము లేదు; ఇది సహజమే. కొల్తూరులో బయోలాజికల్ ఇ సంస్థ టీకాల కర్మాగారము కలదు. 1953లో హైదరాబాదున పుట్టిన ఈ సంస్థకు టైఫాయిడు నివారకమైన ఒక టీకా విద్య ఇటలీ దేశపు సియెనా నగరమునందలి పరిశోధనాలయము నుండి లభించెను. పేదదేశముల వ్యాధులకు టీకాలను రూపొందించుటకే స్థాపింపబడిన ఆ పరిశోధనాలయము తాను కనుగొనిన పద్ధతిని ఇచ్చటివారికి అప్పగించగా, వారు దానిని భారీగా ఉత్పత్తి చేయు స్థితికి తెచ్చి, 2020 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ పూర్వార్హతను సంపాదించిరి. ఈ పూర్వార్హత లేనిదే యూనిసెఫ్ వంటి సంస్థలు టీకాను కొనవు.

టైఫాయిడు టీకా మర్మమును కొంచెము వివరింపవలెను. వ్యాధికారక సూక్ష్మజీవి పైపొరలోని చక్కెరపదార్థమును మాత్రమే గ్రహించి చేసిన పూర్వపు టీకా రెండేండ్లలోపు శిశువుల దేహమున తగిన రక్షణను కలిగింపజాలకుండెను. ఆ చక్కెరపదార్థమును ఒక మాంసకృత్తుతో బంధించిన యెడల శిశువు దేహము సహితము దానిని శత్రువుగా గుర్తించి, గుర్తుంచుకొని, పోరాడగలదు. తుర్కపల్లిలోని భారత్ బయోటెక్ సంస్థ ధనుర్వాతపు విషమును నిర్విషము గావించి దానితో ఈ బంధమును సాధించెను. కొల్తూరువారి టీకాలో డిఫ్తీరియా విషమును పోలిన హానిరహిత మాంసకృత్తు ఆ పని చేయుచున్నది. భారత్ బయోటెక్ టీకా 2017 డిసెంబరులో పూర్వార్హత పొందిన ఇట్టి టీకాలలో మొట్టమొదటిది. మలావీ దేశపు బ్లాంటైరు నగరమున 2018లో సుమారు 28,000 మంది బాలబాలికలతో జరిగిన పరీక్షలో అది టైఫాయిడును నూటికి ఎనుబది పాళ్ల వరకు నివారించెనని తేలినది. 2021లో లైబీరియా ఆఫ్రికాలోని తొలిదేశముగా దీనిని తన శిశువుల నిత్యటీకాలలో చేర్చుకొనెను. జింబాబ్వే, మలావీ దేశములు పిదప అనుసరించెను.

ఈ సీసాల వెల ఎవరు చెల్లించుచున్నారు? ఇచ్చటనే ఐరోపా ప్రభుత్వముల కలయిక ప్రత్యక్షమగును. 2000వ సంవత్సరమున గావి అను టీకాల కూటమి వెలసినది. 2006లో బ్రిటను, ఫ్రాన్సు, ఇటలీ, నార్వే, స్పెయిను, స్వీడను ప్రభుత్వములు కలసి, రాబోవు ఇరువది సంవత్సరములలో తాము చెల్లింపనున్న ధనమును హామీగా చూపి, విపణిలో ఋణపత్రములను విక్రయించి, ఆ సొమ్మును వెంటనే ఆ కూటమి ద్వారా టీకాలకు వెచ్చించు ఒక నిధిని నెలకొల్పెను. శిశువు వ్యాధి బడ్జెటు సమావేశములకొరకు ఆగదు. అందుచే రేపటి సొమ్మును నేడే రోగనివారణకు వినియోగించు ఈ యుక్తి ప్రశంసనీయము. దక్షిణాఫ్రికా కూడ పిదప ఈ నిధికి దాతగా చేరినది. పుచ్చుకొను ఖండమునకు చెందిన దేశము ఇచ్చువారి పంక్తిలో కూర్చుండుట బెర్లిను సభకు సరియైన ప్రత్యుత్తరము.

అంతకంటెను లోతైన కలయిక పరిశోధనారంగమున జరిగినది. 2003లో పదునాలుగు ఐరోపా సమాఖ్య దేశములును నార్వేయును, క్షయ, మలేరియా, హెచ్‌ఐవి వ్యాధుల మందులను ఆఫ్రికా దేశములలోనే, ఆ దేశముల శాస్త్రజ్ఞులతో కలసి పరీక్షించుటకు ఒక భాగస్వామ్యసంస్థను స్థాపించెను. హేగు నగరమున ఒక కార్యాలయము, కేప్‌టౌను నగరమున మరొకటి దానికి ఏర్పడెను. 2014 నుండి దాని రెండవ దశలో ఆఫ్రికా దేశములు సభ్యత్వము గైకొని, నిర్ణయాధికారమున పాలుపంచుకొనెను. 2021లో ఐరోపా సమాఖ్య 80 కోట్ల యూరోల వాగ్దానముతో మూడవ దశకు తెరతీసెను. తుర్కపల్లి టైఫాయిడు టీకా ఘానాలోని అసాంటే అకిం ప్రాంతమునను, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రములోని కిసాంటూ ప్రాంతమునను ఎంతటి మేలు చేయునో కనుగొను పరిశీలనమునకు ధనమిచ్చినది ఈ సంస్థయే. ఐరోపా ధనము, ఆఫ్రికా శాస్త్రజ్ఞుల శ్రమ, తెలంగాణ పల్లెలో తయారైన మందు – ఈ మూడింటి సంగమమును ఆ ప్రహరీల వెలుపల నిలిచి తలచుకొనినపుడు నా హృదయము ఉప్పొంగెను.

కాని ఆ ఉప్పొంగుతో కన్ను మూసికొనరాదు. కోవిడు మహమ్మారి ఈ మైత్రికి కఠినపరీక్ష పెట్టినది. అప్పటికి ఆఫ్రికా వాడు టీకాలలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు వెలుపలి నుండి వచ్చినవే. 2020 అక్టోబరులో భారతదేశమును దక్షిణాఫ్రికాయును కోవిడు మందులపై మేధాస్వామ్య హక్కులను తాత్కాలికముగా సడలింపుడని ప్రపంచ వాణిజ్యసంస్థను అర్థింపగా, ఐరోపా సమాఖ్య దానిని వ్యతిరేకించెను. 2022 జూనులో కుదిరిన రాజీ అర్థించిన దానిలో అల్పభాగమే. 2021లో దక్షిణాఫ్రికా గడ్డపై సీసాలలో నింపిన టీకాలు కొన్ని ఆఫ్రికాకు దక్కక ఐరోపాకు తరలిపోగా నిరసన చెలరేగి, ఆ పద్ధతి మారినది. మనము సైతము నిర్దోషులము కాము. ఆ యేడు వసంతమున రెండవ తరంగము మన నగరములను దహించుచుండగా, మన దేశము టీకాల ఎగుమతిని నిలిపివేసెను. అంతర్జాతీయ టీకాల కూటమికి సరఫరా నవంబరులోగాని తిరిగి మొదలు కాలేదు. మన బాధ సత్యమే, మన నిర్ణయమునకు కారణమును సత్యమే. అయినను మన సీసాలనే నమ్ముకొనిన ఆఫ్రికా ఆరోగ్యసేవకులు నెలలతరబడి రిక్తహస్తములతో నిలిచిరనుటయు సత్యమే.

ఆ సంవత్సరము ఏప్రిలులోనే ఆఫ్రికా సమాఖ్య, 2040 నాటికి తమకు కావలసిన టీకాలలో నూటికి అరువది పాళ్లు తమ ఖండమునందే తయారు కావలెనని సంకల్పించెను. మరుసటి నెలలో ఐరోపా సమాఖ్య, దాని సభ్యరాజ్యములు, వాని ఆర్థికసంస్థలు 'టీమ్ యూరప్' అను పేరిట ఏకమై 100 కోట్ల యూరోలతో ఆ సంకల్పమునకు తోడ్పాటు ప్రకటించినవి. 2024 జూను 20న పారిసు నగరమున ప్రారంభమైన మరియొక ఏర్పాటు నాకు ఇంకను అర్థవంతముగా తోచినది. పదేండ్ల కాలమున 120 కోట్ల డాలర్ల వరకు వెచ్చింప నుద్దేశించిన ఆ నిధిలో అధికభాగము ఐరోపా ప్రభుత్వములదే. ఆఫ్రికా కర్మాగారము టీకాకు పూర్వార్హత సాధించినపుడు ఒక బహుమానము, యూనిసెఫ్ కొనుగోలులో గెలిచినపుడు ఒక్కొక్క మోతాదుకు కొంత అదనపు సొమ్ము – ఇది దాని పద్ధతి. కట్టడములకు కాక, ఉత్పత్తికి ప్రతిఫలమిచ్చుటలోని వివేకము ఇచ్చట కలదు. కొనువాడు లేని కర్మాగారము తుప్పుపట్టుట తప్ప మరేమి చేయగలదు?

తుర్కపల్లి బాటలో నన్ను మిక్కిలి ఆశ్చర్యచకితుని గావించిన విషయము ఇంకొకటి. 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఫ్రాన్సు, జర్మనీ, బెల్జియము, నార్వే, కెనడా, ఐరోపా సమాఖ్యల ధనసాహాయ్యముతోను దక్షిణాఫ్రికా ప్రభుత్వపు తోడ్పాటుతోను, కేప్‌టౌను నగరమున ఎంఆర్‌ఎన్‌ఎ టీకాల విద్యాకేంద్రమును నెలకొల్పెను. అచ్చటి ఆఫ్రిజెన్ సంస్థ శాస్త్రజ్ఞులు, పెద్ద కంపెనీలు తమ రహస్యములను చెప్పకున్నను, బహిరంగముగా లభించిన సమాచారమును ఆధారము చేసికొని 2022 ఆరంభమునకే తమ టీకాను ప్రయోగశాలలో రూపొందించిరి. ఆ ఫిబ్రవరిలో బ్రస్సెల్సున జరిగిన ఐరోపా–ఆఫ్రికా శిఖరాగ్రసభా సమయమున, ఈజిప్టు, కెన్యా, నైజీరియా, సెనెగలు, దక్షిణాఫ్రికా, ట్యునీషియా దేశములు ఆ విద్యకు తొలి గ్రహీతలుగా ప్రకటింపబడినవి. తదుపరి ఏప్రిలులో గ్రహీతగా ఎన్నికైనది మన బయోలాజికల్ ఇ సంస్థ! సియెనా నుండి విద్య నందిన సంస్థకే కేప్‌టౌను గురుస్థానమైనది. ఆఫ్రికా పుచ్చుకొనుటయే కాని ఇచ్చుట ఎరుగదను దురభిప్రాయము ఇంకను ఎవరికైన నున్నచో, వారు దానిని విడనాడవలెను.

విద్య చేతులు మారుటకు కాలము పట్టును. అతిసారమును నివారించు రోటావాక్ టీకా చరిత్రయే దీనికి నిదర్శనము. దానికి మూలమైన వైరసును ఢిల్లీలోని వైద్యవిజ్ఞానసంస్థలో 1980ల నడుమ వేరుచేసిరి. భారత్ బయోటెక్ దానిని టీకాగా తీర్చి మన దేశమున విడుదల చేసినది 2015లో. సుమారు ముప్పది సంవత్సరములు! ఆ సుదీర్ఘ ప్రయాణమున భారత ప్రభుత్వపు జీవసాంకేతికశాఖతోబాటు నార్వే, బ్రిటను ప్రభుత్వముల సహాయమును లభించెను. ఎన్నికలతో మారు ఐదేండ్ల సహాయపథకములు ఇట్టి పనికి చాలవని దీనివలన తెలియుచున్నది. కర్మాగారముతో బాటు దానిని నిష్పక్షపాతముగా పర్యవేక్షించు సంస్థయు దేశమున పరిణతి నొందవలెను. 2024 డిసెంబరులో సెనెగలు, రువాండా దేశముల ఔషధనియంత్రణ సంస్థలు ప్రపంచ ఆరోగ్యసంస్థ మూడవ పరిణతి స్థాయిని సాధించినవి. కర్మాగారపు ప్రారంభోత్సవములకంటె ఈ వార్త చిరకాల ప్రయోజనము కలదని నా నిశ్చితాభిప్రాయము.

కావున ఐరోపా ప్రభుత్వములను కోరదగినది ఒక్కటే. మీరు ఏకమగుట మంచిది. ఆ ఏకత్వమును ముప్పదియేండ్లు నిలుపుడు. నిర్ణయసభలో ఆఫ్రికాకు సమానపీఠము ఇండు. మీ దానము నానాటికి అనావశ్యకమగునట్లు దానము చేయుడు. డకారులోనో కేప్‌టౌనులోనో తయారైన సీసా తొలినాళ్లలో కొంచెము ప్రియమైనను దానిని కొనుట ఖర్చు కాదు, ఒక ఖండపు భద్రతకు పెట్టుబడి.

ఈ హితవు మనకును వర్తించును. ఐరోపా సొమ్ముతో ఆఫ్రికాకు పోవు టీకాల వలన మన కొల్తూరు, తుర్కపల్లి వర్ధిల్లినవి. బెల్జియములో పుట్టిన మలేరియా టీకా తయారీని 2021 జనవరి నాటి ఒప్పందము ద్వారా స్వీకరించిన భారత్ బయోటెక్, 2028 నాటికి దాని వెలను ఐదు డాలర్లకు దిగువకు తెత్తుమని 2025లో తన భాగస్వామితో కలసి ప్రకటించినది. చవుకగా ఇచ్చుట మనకు తెలిసిన విద్య, అది గొప్ప విద్య. దానికి మించినది నేర్పుట. ఆఫ్రికా స్వయంసమృద్ధి వలన మన విపణి తగ్గునేమో యను శంకతో మన ప్రభుత్వము గాని, మన పరిశ్రమ గాని వెనుకాడరాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయములు, జీనోమ్ వ్యాలీ శిక్షణాలయములు ఘానా, సెనెగలు, రువాండా యువకులకు ద్వారములు తెరచి, సూక్ష్మజీవుల పెంపకము నుండి సీసా నింపుట వరకు ప్రతి మెట్టును నేర్పవలెను. ఆ శిక్షణకు ఐరోపా ధనము తోడైనచో అది త్రైపాక్షిక మైత్రికి ఉజ్జ్వలమైన రూపము కాగలదు. మనకు విద్య నిచ్చినవారు మనము ఎన్నటికి కొనువారముగనే ఉండవలెనని కోరలేదు. ఆఫ్రికా శిశువునకు కావలసిన మందు ఆఫ్రికా నేలపైనే తయారగు దినమున తుర్కపల్లి గౌరవము రవ్వంతయు తగ్గదు. తాను నేర్చినదానిని తనలో దాచుకొనక ఇతరులకు నేర్పెనని దాని పేరు ఇనుమడించును. ఆ దినమును త్వరపెట్టుట మన ధర్మము.